నాయకురాలు ఎవరి మనిషి?

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఒక గ్రామ సంఘం తరఫున లీడర్ చేసిన ప్రసంగ పాఠం)

 

లోన్ల గురించి, రికవరీ గురించి, స్త్రీనిధి గురించి పొద్దున్నుంచి వేరేవాళ్లు చెప్పినారు. మా గ్రామ సంఘానికి ఇచ్చిన విషయం వేరు. "రాజకీయ నాయకత్వం, అందరి మేలు" అని చీటీలో రాసి ఇచ్చినారు. మా లీడర్లం పదో తరగతి దాకా చదివినవాళ్లం. పెద్ద పుస్తకాల మాటలు మాకు రావు. అయినా ఈ విషయం మీద మాట్లాడే హక్కు మనకు ఉందనే అనుకుంటన్నాం. ఎందుకంటే ఉమ్మడి డబ్బు చేతిలో పెట్టుకుని, పైసా తేడా రాకుండా, పదిమందికి జవాబు చెప్పుకుంటా బతికేది మనం. రాజకీయ నాయకుడు చేయాల్సిన పని కూడా అదే. ఆయన చేతిలో ఉండేది కోట్లు, మన చేతిలో ఉండేది వేలు, లక్షలు. అంతే తేడా.

ఈ మాటలు ఇప్పుడే ఎందుకంటే, పంచాయతీ ఎన్నికలు వస్తాయంటే చాలు, అన్ని పార్టీల కళ్లూ మన సంఘాల మీదే పడతాయి. ఊళ్లో ఒక్క పిలుపుతో వందమంది ఆడవాళ్లు కూడేది మన కాడే. పేర్లు, ఫోన్ నంబర్లు అన్నీ ఒక్క పుస్తకంలో దొరికేది కూడా మన కాడే. మనలో కొందరు పోటీ చేస్తారు. కొందరి ఇంటికి డబ్బు కవర్లు వస్తాయి. కొందరిని మీటింగులకు బండి ఎక్కిస్తారు. అవన్నీ మొదలు కాకముందే మనం ఒక మాట మీదకు రావాలి. అందుకే చివర్లో నాలుగు తీర్మానాలు మీ ముందు పెడతాం.

అందరి మేలు అంటే ఏంది?

మన సంఘంలోనే చూద్దాం. పదిమంది ఉండే సంఘంలో నెలకు మనిషికి 200 రూపాయలు పొదుపు చేస్తే నెలకు 2,000, ఏడాదికి 24,000 అవుతాయి. ఆ డబ్బు పదిమందిదీ. అట్లని సంవత్సరం చివర తలా 2,400 పంచేసుకుంటే ఏమొస్తుంది? ఒక ఆస్పత్రి ఖర్చుకు చాలదు, ఒక గేదెకు చాలదు. పంచుకోకుండా ఉమ్మడిగా ఉంచి, అవసరం ఎక్కువ ఉన్న అక్కకు ముందు ఇచ్చి, ఆమె కట్టినాక ఇంకో చెల్లెలికి ఇస్తే అదే డబ్బు పదిళ్లు తిరుగుతుంది. వడ్డీ కూడా సంఘానికే మిగులుతుంది. తలా కొంచెం పంచి చేతులు దులుపుకుంటే అది అందరి మేలు కాదు. ఎవరి అవసరం ముందో చూడాలి, ఆ వరస అందరి ముందూ తేల్చాలి, పుస్తకంలో రాయాలి.

ఇంకో సంగతి ఉంది. ఎక్కువమంది మేలు, అందరి మేలు ఒకటి కాదు. ఒక ఊరిని ఊహించుకుందాం. ట్యాంకు నీళ్లు ముందు వీధులకు బాగా వస్తాయి. పైపు చివర ఉన్న కాలనీకి మాత్రం సన్నగా, అదీ పదినిమిషాలు వచ్చి ఆగిపోతాయి. మోటరు ఇంకో గంట నడపాలంటే కరెంటు బిల్లు పెరుగుతుంది. చేతులు ఎత్తమంటే ముందు వీధులవాళ్లే ఎక్కువమంది. "ఇప్పుడున్నది చాలు" అని గెలిచేస్తారు. ఓట్ల లెక్కలో అది సరైన నిర్ణయమే. కానీ కాలనీ ఆడవాళ్ల బిందెలు ఎండే ఉంటాయి. అందరి మేలు చూసే సర్పంచ్ ట్యాంకు కింద నిలబడి ఫొటో దిగి సరిపెట్టుకోదు. చివరి కుళాయి కాడికి పోయి బిందె నిండిందా లేదా చూస్తుంది. నాయకుడు మంచోడా కాదా అని కొలవాలంటే ఊళ్లో చివరి కుళాయి కాడ నిలబడి కొలవాలి.

నాయకులకు ప్రత్యేకం ఏమీ వద్దు

మా గ్రామ సంఘంలో జరిగిన ఒక చర్చ చెప్తాం. అప్పులిచ్చే డబ్బు తక్కువ, అడిగే సంఘాలు ఎక్కువ వచ్చినప్పుడు ఎప్పుడూ ఒక గొణుగుడు ఉండేది. "లీడర్లు ముందు వాళ్లు తీసుకుని, మిగిలింది మనకు ఇస్తారు" అని. దాంతో ఒక మీటింగులో తీర్మానం పెట్టినాం. లీడర్ల పేర్లు ఎప్పుడూ లిస్టులో చివరే ఉండాలని. అందరూ చప్పట్లు కొట్టినారు. మాకూ గొప్పగానే అనిపించింది.

తర్వాత ఏమైందంటే, ఒక సంఘం లీడరక్క కూతురికి కాలేజీ ఫీజు కట్టాల్సి వచ్చింది. లిస్టులో ఆమె పేరు చివర. ఆమె నోరెత్తలేదు. బయట నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి కట్టింది. అది తెలిసినాక మళ్లీ కూర్చున్నాం. ఒక సభ్యురాలు లేచి ఒకే ప్రశ్న వేసింది. "లీడర్ కూడా సభ్యురాలే కదా? ఆమె పొదుపు కట్టట్లేదా?" ఎవరి కాడా జవాబు లేదు. ఇట్లా అయితే రేపు లీడర్‌గా ఉండటానికి ఉన్నోళ్లు తప్ప లేనోళ్లు ముందుకు రారు అని ఇంకొకరు అన్నారు. ఆ మాట కూడా నిజమే.

అప్పుడు నియమం మార్చుకున్నాం. ఆస్పత్రి, చావు, చదువు ఫీజు ఈ మూడు అవసరాలు ముందు వరస. మిగతావన్నీ అడిగిన తేదీ ప్రకారం. లీడర్‌కైనా సభ్యురాలికైనా ఇదే. ఒక్కటే షరతు ఏందంటే, లీడర్ అప్పు అడిగిన రోజు ఆ చర్చకు ఆమె అధ్యక్షత వహించకూడదు. ఆ కాసేపు ఇంకొకరు కుర్చీలో కూర్చుంటారు. ఇది పెట్టినాక గొణుగుడు చాలావరకు ఆగిపోయింది.

ఇందులో మాకు అర్థమైంది ఇది. నాయకుడు పస్తులుండాలని ఎవరూ కోరుకోవద్దు. నాయకుడికి ముందు వడ్డించాలని కూడా కోరుకోవద్దు. అందరికీ ఉన్న నియమమే ఆయనకూ ఉండాలి. తన సొంత పని నిర్ణయమయ్యే చోట తను కుర్చీలో ఉండకూడదు. ఒక మంత్రి కొడుకు కాంట్రాక్టు అయినా, ఒక సర్పంచ్ బామ్మర్ది సిమెంటు రోడ్డు పని అయినా ఈ ఒక్క నియమంతో చూస్తే మంచి చెడ్డ తెలిసిపోతుంది.

పెద్దల నుంచి మూడు సంగతులు

ఇది మనం కొత్తగా కనిపెట్టింది కాదు. 1923లో కాకినాడలో కాంగ్రెస్ మహాసభలు జరిగినాయి. అక్కడ ఖద్దరు ప్రదర్శన గేటు కాడ దుర్గాబాయి అనే పద్నాలుగేళ్ల పిల్ల వాలంటీరుగా నిలబడింది. టికెట్ లేకుండా ఎవరినీ లోపలికి పంపొద్దని ఆమెకు చెప్పి ఉన్నారు. జవహర్‌లాల్ నెహ్రూ గారు వచ్చినారు. ఆయన చేతిలో టికెట్ లేదు. ఆ పిల్ల ఆపేసింది. టికెట్ తెచ్చి ఇచ్చినాకే లోపలికి వదిలింది. చుట్టూ ఉన్న పెద్దలు కంగారు పడినారు గానీ, నెహ్రూ గారు ఆ పిల్లను మెచ్చుకున్నారు. ఆమే తర్వాత దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు. మన రాజ్యాంగాన్ని రాసిన సభలో సభ్యురాలు అయినారు. ఇక్కడ ఇద్దరినీ చూడాలి. ఆపిన పిల్లకు ధైర్యం ఉంది. ఆగిన నాయకుడికి మర్యాద ఉంది. ఆపేవాళ్లు ఉంటేనే ఆగే నాయకులు తయారవుతారు.

రెండోది లాల్‌బహదూర్ శాస్త్రి గారి సంగతి. ఆయన రైల్వే మంత్రిగా ఉండగా 1956 సెప్టెంబరులో మహబూబ్‌నగర్ కాడ వంతెన కూలి రైలు పడిపోయింది. వందమందికి పైగా చనిపోయినారు. ఆయన రాజీనామా ఇస్తే ప్రధాని ఒప్పుకోలేదు. అదే ఏడాది నవంబరులో తమిళ దేశంలో అరియలూరు కాడ ఇంకో ఘోర ప్రమాదం జరిగింది. ఈసారి ఆయన పట్టుబట్టి రాజీనామా చేసినారు. ఆ రైలు ఆయన నడపలేదు, ఆ వంతెన ఆయన కట్టలేదు. అయినా ఆ శాఖ తన చేతిలో ఉండగా జరిగింది కాబట్టి జవాబు తనదే అనుకున్నారు. మన సంఘంలో కూడా అంతే కదా. పుస్తకం వీఓఏ రాసినా, తేడా వస్తే అడిగేది లీడర్‌నే.

మూడోది మన జిల్లా మనిషే. అలగానిపాడులో పుట్టిన పుచ్చలపల్లి సుందరయ్య గారు. తన వాటాకు వచ్చిన ఆస్తి ఉద్యమానికి ఇచ్చేసినారు. పేరు చివర కులం తోక తీసేసినారు. పార్లమెంటు సభ్యుడై ఉండి కూడా సైకిల్ మీద పార్లమెంటుకు పోయినారని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆయన పార్టీ నచ్చినవాళ్లు ఉంటారు, నచ్చనివాళ్లు ఉంటారు. అది వేరే సంగతి. అందరు నాయకులూ ఆస్తి ఇచ్చేయాలని మనం అడగం. ప్రజల ఆస్తి వాళ్ల ఇంటికి పోకూడదు అని మాత్రం అడుగుతాం. కంచె చేను మేయకుండా ఉంటే అదే చాలు.

దూబగుంట నేర్పిన పాఠం

నాయకులు వాళ్లంతట వాళ్లే మంచిగా మారరు. ఈ సంగతి మన జిల్లా ఆడవాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. 1990లో మన జిల్లాలో అక్షరదీపం మొదలైంది. పగలంతా కూలికి పోయి, రాత్రిపూట బుడ్డి దీపాల కింద అక్షరాలు దిద్దిన అమ్మలు తమ బతుకుల గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టినారు. సంపాదించిన కూలి సారా కొట్టుకు పోతుంటే పిల్లలకు తిండి ఎట్లా అని. కలిగిరి మండలం దూబగుంటలో వర్ధినేని రోశమ్మ గారు, ఆ ఊరి ఆడవాళ్లు సారా అమ్మకానికి అడ్డం పడినారు. అది ఊరూరికీ పాకింది. 1992లో సారా వేలం పాటలు పెట్టడం, ఆగిపోవడం, మళ్లీ పెట్టడం, మళ్లీ ఆగిపోవడం. ఆడవాళ్లు చీపుర్లు, కారం పొడి పట్టుకుని పోయి కూర్చున్నారు. చివరికి 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా బంద్ అయింది. 1995 జనవరిలో పూర్తి మద్యనిషేధం వచ్చింది.

ఇందులో ఒక చిత్రం ఉంది. 1980ల్లో ప్రభుత్వమే వారుణి వాహిని అనే పేరుతో సారాను పాకెట్లలో అమ్మించింది. పదేళ్లు తిరిగేసరికి మద్యం మీద నిషేధం పెడతామని చెప్పి ఓట్లు అడగాల్సి వచ్చింది. అప్పుడూ ఇప్పుడూ నాయకుడు ఒక్కరే, ఎన్టీ రామారావు గారు. ఆయన మనసు మారింది అనుకున్నా, పరిస్థితి మారింది అనుకున్నా, మార్చింది మాత్రం ఆడవాళ్లే. అంతవరకు సారా ఆదాయం లేకపోతే ప్రభుత్వం నడవదు అన్నోళ్లే, ఆడవాళ్లు కదిలినాక వేరే దారి చూసుకున్నారు.

కానీ కథ అక్కడ ఆగలేదు. 1997లో నిషేధం ఎత్తేసినారు. ఖజానాకు ఆదాయం లేదన్నారు, దొంగసారా పెరిగిందన్నారు. ఆ కారణాల్లో కొంత నిజం ఉండొచ్చు. కానీ మనం చూడాల్సింది ఇంకోటి. చట్టం వచ్చినాక చాలా ఊళ్లలో ఆడవాళ్లు ఇళ్లకు పోయినారు. "ఇంక ప్రభుత్వం చూసుకుంటుంది" అనుకున్నారు. సంతకంతో వచ్చింది సంతకంతోనే పోయింది. నిలిచింది ఏందంటే మన పొదుపు. ఆ ఉద్యమంలో కలిసిన ఆడవాళ్లే రోజుకో రూపాయి చొప్పున దాచుకోవడం మొదలుపెట్టినారు. ఎవరి దయ మీదా ఆధారపడకుండా ప్రతి వారం, ప్రతి నెలా కూర్చుని లెక్క చూసుకున్నారు కాబట్టి అది ఈ రోజుకీ నిలిచి, ఇంత పెద్ద సమాఖ్య అయింది.

రోజుకో రూపాయి

ఆ రోజుకో రూపాయిని గుర్తు పెట్టుకోండి. ఇప్పుడు ఓటు లెక్క చూద్దాం. ఓటుకు 2,000 ఇచ్చినారనుకోండి. ఐదేళ్లంటే 1,826 రోజులు. 2,000ను 1,826తో భాగిస్తే రోజుకు ఒక రూపాయి పది పైసలు కూడా రాదు. మన అమ్మలు ఏ రూపాయిని దాచి సొంత కాళ్ల మీద నిలబడినారో, అదే రూపాయికి మనం నోరు అమ్ముకుంటన్నాం.

తీసుకున్న అక్కలను తిట్టడానికి ఈ మాట చెప్పట్లేదు. పని లేని రోజుల్లో ఇంటికి వచ్చిన డబ్బు వద్దనడం ఎంత కష్టమో ఈ హాల్లో అందరికీ తెలుసు. "వాళ్లు మన కాడ తిన్నదే కదా, కొంత తిరిగిస్తన్నారు, తీసుకుంటే తప్పేంది?" అని అడిగేవాళ్లు ఉన్నారు. "డబ్బు తీసుకుని ఓటు మా ఇష్టమొచ్చినోళ్లకు వేస్తాం" అనేవాళ్లూ ఉన్నారు. ఆ మాటలకు జవాబు చెప్పాలి.

చట్టం ప్రకారం చూస్తే, ఓటుకు డబ్బు ఇవ్వడమూ నేరమే, తీసుకోవడమూ నేరమే. ఏడాది దాకా జైలు శిక్ష పడొచ్చు. ఇది భయపెట్టడానికి కాదు, తెలిసి ఉండాలని. అంతకంటే పెద్ద నష్టం వేరే ఉంది. అంగట్లో సరుకు కొని డబ్బు కట్టేసినోడు తర్వాత అంగడోడికి ఏమైనా బాకీ ఉంటాడా? ఉండడు. ఓటు కొన్నవాడూ అంతే. రేపు మనం పోయి "కాలువ పూడిక తీయించండి" అంటే, "మీ ఓటుకు ఎప్పుడో ఇచ్చేసినాం కదమ్మా" అంటాడు. పైకి అనకపోయినా మనసులో అనుకుంటాడు. ఖర్చు పెట్టింది రాబట్టుకోవాలి కూడా. ఆ రాబట్టుకునేది మన రోడ్డు సిమెంటులో నుంచి, మన బడి గోడలో నుంచే.

దానికి తోడు ఇంకో అలవాటు ఉంది. పింఛను వస్తే "ఆయన ఇచ్చినాడు" అంటాం. ఇల్లు వస్తే "ఈయన ఇచ్చినాడు" అంటాం. ఇవ్వాలని నిర్ణయం చేసినందుకు మెచ్చుకోవచ్చు, ఓటూ వేయొచ్చు. కానీ ఆ డబ్బు ఎవరి జేబులోదీ కాదు. మనం సబ్బు కొన్నా, చెప్పులు కొన్నా, ఫోన్ రీచార్జి చేసుకున్నా పన్ను కడతన్నాం. ఆ పన్నే మళ్లీ పథకంగా వస్తాది. మన సంఘంలో లీడర్ అప్పు చెక్కు ఇచ్చినప్పుడు "మా లీడర్ దానం చేసింది" అని ఎవరైనా అంటారా? అనరు. సంఘం డబ్బు సంఘం నుంచి తీసుకున్నాం అంటారు. ఊరి డబ్బు విషయంలో కూడా ఆ మాట రావాలి. దానం అనుకుంటే చేతులు జోడిస్తాం. హక్కు అనుకుంటే లెక్క అడుగుతాం.

మీటింగు బండ్లు

ఇది కొందరికి ఇబ్బందిగా ఉంటాది, అయినా చెప్పాలి. ఒక పార్టీ అని కాదు. ఏ పార్టీ పెద్ద మీటింగు పెట్టినా, సంఘానికి ఇంతమంది రావాలని కబురు వస్తాది. రాకపోతే లోన్ ఆగిపోతాదని, పేరు తీసేస్తారని ఎవరో ఒకరు బెదిరిస్తారు. పసిబిడ్డ తల్లులు, మోకాళ్ల నొప్పుల పెద్దమ్మలు ఎండలో బండి ఎక్కుతారు.

అక్కలారా, బ్యాంకు లింకేజి లోన్ ఏ మీటింగుకు పోయినామో చూసి రాదు. మనం క్రమంగా కూర్చున్నామా, పొదుపు చేసినామా, లోపల అప్పులు ఇచ్చుకున్నామా, సమయానికి కట్టినామా, పుస్తకాలు సరిగా రాసినామా అనే పంచసూత్రాలు చూసి వస్తాది. అది మన చెమట. ఎవరైనా నాయకుడి మాట వినాలనుకుంటే మనిషిగా పోయి వినండి. అది మీ హక్కు. ఏ పార్టీ కండువా అయినా వేసుకోండి. కానీ సంఘం పేరు మీద ఎవరినీ తోలకూడదు. సంఘంలో అన్ని పార్టీలకు ఓటేసేవాళ్లూ ఉంటారు. ఒక పార్టీకి సంఘాన్ని కట్టేస్తే, మిగతావాళ్ల పొదుపు డబ్బుతో మనం రాజకీయం చేసినట్టే.

కుర్చీలో ఎవరు కూర్చుంటారు?

1993 ఏప్రిల్ 24న 73వ రాజ్యాంగ సవరణ అమల్లోకి వచ్చింది. పంచాయతీల్లో మూడో వంతు ఆడవాళ్లకు ఇవ్వాలని చెప్పింది. మన రాష్ట్రంలో ఇప్పుడు సగం. ఇది చిన్న సంగతి కాదు. కానీ బోర్డు మీద అక్క పేరు, కుర్చీలో బావ కూర్చోవడం ఎన్ని ఊళ్లలో చూస్తన్నామో మీకు తెలుసు. సంఘం మీటింగులో లీడర్ బదులు ఆమె భర్త వచ్చి తీర్మానం రాస్తే మనం ఒప్పుకుంటామా? ఒప్పుకోం. మరి పంచాయతీలో ఎందుకు ఒప్పుకోవాలి? మనలో నుంచి పోటీ చేసే అక్క ముందే చెప్పాలి. "కుర్చీలో నేనే కూర్చుంటా, సంతకం చదివే పెడతా" అని. అట్లా చెప్పిన అక్క వెనక మనం ఉండాలి. మొదట్లో ఆమెకు మాట తడబడొచ్చు. మనం కూడా మొదటిసారి బ్యాంకు మేనేజరు ముందు నిలబడినప్పుడు తడబడినోళ్లమే. నేర్చుకున్నాం.

గెలిచినాక అడగాల్సినవి కూడా తెలిసి ఉండాలి. పంచాయతీకి ఇంటి పన్ను వస్తాది. కేంద్రం నుంచి ఆర్థిక సంఘం నిధులు వస్తాయి. 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 దాకా ఇచ్చిన నిధుల్లో నూటికి 60 వంతులు తాగునీటికి, పారిశుద్ధ్యానికే వాడాలని నియమం పెట్టింది. ఈ ఒక్క ముక్క తెలిసి ఉంటే చాలు, గ్రామసభలో లేచి "మా కాలనీ కుళాయికి ఎంత పెట్టినారు?" అని అడగొచ్చు. జవాబు రాకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది. తెల్లకాగితం మీద రాసి ఇస్తే 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఎమ్మెల్యే, ఎంపీ ఎన్నికల్లో నిలబడేవాళ్లు వాళ్ల ఆస్తులు, అప్పులు, కేసులు, చదువు రాసి ప్రమాణ పత్రం ఇవ్వాలి. సుప్రీంకోర్టు తీర్పుల వల్ల 2003 నుంచి అది తప్పనిసరి అయింది. మన పిల్లలు ఫోన్లో తీసి చూపిస్తారు. కోడలిని తెచ్చుకునేటప్పుడు ఏడు తరాలు విచారిస్తాం. ఐదేళ్లు ఊరి పెట్టె తాళం చేతులు ఇచ్చేవాళ్ల గురించి ఒక్క పేజీ చదవలేమా?

మన ముందున్న తీర్మానాలు

మా గ్రామ సంఘం తరఫున నాలుగు తీర్మానాలు ఈ మహాసభ ముందు పెడతన్నాం.

ఒకటి. పొదుపు సంఘంలో గానీ, గ్రామ సంఘంలో గానీ, సమాఖ్యలో గానీ పదవిలో ఉన్నవాళ్లు ఎన్నికల్లో నిలబడాలనుకుంటే నామినేషన్ వేసే ముందే ఆ పదవి వదలాలి. పుస్తకాలు, చెక్కులు అప్పగించి రసీదు తీసుకోవాలి. సభ్యత్వం, పొదుపు, అప్పు హక్కు అట్లాగే ఉంటాయి. ఇది పోటీ చేయొద్దని చెప్పడం కాదు. మనవాళ్లు నిలబడాలి, గెలవాలి. సంఘం తాళం ఒక చేతిలో, పార్టీ జెండా ఒక చేతిలో మాత్రం వద్దు.

రెండు. సంఘం మీటింగులో, సంఘం వాట్సాప్ గ్రూపులో పార్టీ ప్రచారం ఉండదు. ఓటు డబ్బు సంఘం చేతుల మీదుగా పంచడం ఉండదు. సభ్యుల పేర్లు, ఆధార్, ఫోన్ నంబర్లు ఏ పార్టీకీ ఇవ్వం.

మూడు. ఏ పార్టీ సభకైనా పోవడం, పోకపోవడం సభ్యురాలి ఇష్టం. పోలేదని జరిమానా వేస్తే, లోన్ ఆపుతామని బెదిరిస్తే, ఎవరు చేసినా దాన్ని తీర్మానం పుస్తకంలో రాసి సమాఖ్యకు పంపుతాం. సమాఖ్య ఆ సభ్యురాలి తరఫున నిలబడుతుంది.

నాలుగు. పంచాయతీ ఎన్నికల ముందు ప్రతి ఊళ్లో గ్రామ సంఘం అభ్యర్థులందరినీ ఒకే రోజు, ఒకే చోటికి పిలుస్తుంది. అందరినీ ఒకే మూడు ప్రశ్నలు అడుగుతుంది. చివరి కుళాయికి నీళ్లు ఎట్లా తెస్తారు? జమా ఖర్చులు ఎన్ని నెలలకోసారి గోడ మీద రాయిస్తారు? మీ బంధువులకు పనులు ఇస్తారా ఇవ్వరా? జవాబులు రాసి సంతకం తీసుకుంటాం. ఎవరికి ఓటేయాలో సంఘం చెప్పదు. ఏడాది తర్వాత గెలిచిన మనిషి ముందు ఆ కాగితం తెరుస్తాం.

నాలుగో దాని మీద కొందరికి అనుమానం ఉంది. "పిలిస్తే రారు, వచ్చినా సంతకం పెట్టరు" అని. రాకపోతే రాలేదని రాద్దాం. ఊరికి అది కూడా ఒక సమాచారమే. మొదటి తీర్మానం మీద కూడా అభ్యంతరం ఉంది. పదవి వదిలి, ఎన్నికలోనూ ఓడిపోతే రెండూ పోతాయి కదా అని. నిజమే, పోతాయి. అట్లాంటి అక్క తర్వాత దఫా లీడర్ ఎన్నికలో మళ్లీ నిలబడొచ్చని తీర్మానంలోనే రాద్దామని మా సూచన. ఇంకా మంచి మాట ఎవరికైనా ఉంటే చెప్పండి, చేరుద్దాం.

చీటీలో అడిగింది నాయకత్వం గురించి. మాకు తెలిసిన జవాబు ఒకటే. నాయకురాలు పార్టీ మనిషి కావొచ్చు, ఒక ఇంటి మనిషి కావొచ్చు, ఒక కులంలో పుట్టి ఉండొచ్చు. కుర్చీలో కూర్చున్నంతసేపు ఆమె ఉమ్మడి పెట్టె మనిషి. ఆ పెట్టె తెరిచేటప్పుడు అందరూ చూస్తూ ఉండాలి, మూసేటప్పుడు లెక్క అందరికీ తెలియాలి. అట్లా అడిగే జనం ఉన్న ఊళ్లో సగం మంచి మనిషి కూడా మంచి నాయకుడు అవుతాడు. అడగని ఊళ్లో ఎంత మంచివాడైనా నాలుగేళ్లకు మారిపోతాడు.

మధ్యాహ్నం భోజనాల తర్వాత ఈ నాలుగు తీర్మానాలు ఒక్కొక్కటిగా చదువుతారు. ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి. ఒప్పుకోనివాళ్లు లేచి ఎందుకో చెప్పండి, అది కూడా పుస్తకంలో రాస్తారు. పక్క అక్క చేయి ఎత్తిందని మాత్రం ఎత్తొద్దు.